పెరట్లో చెట్టు పైనుంచి ఎండిపోతోంది, కొట్టేయాలా, ఉంచాలా?

పెరడంతటికీ నీడనిచ్చే పాత చెట్టు, కొన్నాళ్లుగా చిటారు కొమ్మలు ఎండిపోతున్నాయి, ఇంట్లో కొందరు కొట్టేద్దామంటున్నారు, కొందరు వద్దంటున్నారు అని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే గొడవ నడిచింది. ఆకుల్ని చూసి నిర్ణయం తీసుకోకండి, మొదలు చూసి తీసుకోండి.

కొమ్మలు పైన ఎండుతుంటే జబ్బు కూడా పైనే ఉందనిపిస్తుంది, కానీ చాలాసార్లు అసలు సమస్య వేళ్ల దగ్గర ఉంటుంది. నీళ్లు పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా నేల పైపొరలోనే, రెండడుగుల లోపే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. వాటి మీద బండ్లు నిలిపినా, సిమెంటు చేసినా, పక్కన పునాది తవ్వినా ఆ దెబ్బ అప్పుడే తెలియదు, కొన్నేళ్లకు చిటారున బయటపడుతుంది. కాబట్టి ఈమధ్య సంగతి కాదు, అంతకు ముందు అక్కడ ఏం పని జరిగిందో గుర్తు చేసుకోండి.

మామూలుగా మాను నేలను తాకేచోట వెడల్పై వేళ్లలోకి విచ్చుకోవాలి. మా చెట్టు మాత్రం కరెంటు స్తంభం పాతినట్టు తిన్నగా మట్టిలోకి దిగి ఉండేది. మాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు పెరడు ఎత్తు పెంచడానికి పోయించిన మట్టి అది. చేత్తో, చిన్న తాపీతో మెల్లగా తీస్తూ పోతే జానెడు లోతున అసలు మొదలు దొరికింది. అక్కడ బెరడు తడికి నల్లబడి ఉంది, బొటనవేలంత లావు వేరొకటి మానును చుట్టుకుని నొక్కేస్తోంది. ఆ వేరు కోసేశాం, మట్టి లాగేశాం, చుట్టూ మూడంగుళాల మందాన ఎండుటాకులు పరిచాం, మానుకు మాత్రం తగలనివ్వలేదు. ఎండల్లో నీళ్లు మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద, పైపు సన్నగా వదిలి నేల లోతుగా తడిసేదాకా పెట్టేవాళ్లం. ఎరువు జోలికి పోలేదు, నీరసంగా ఉన్న చెట్టుకు ఎరువు దట్టిస్తే మంచికంటే చెడే ఎక్కువ. మళ్లీ చిగుళ్ల కాలం వచ్చేసరికి ఒక పక్క బాగా తేరుకుంది, రెండో పక్క పెద్ద కొమ్మ తేరుకోలేదు, అది ఇంటి కప్పు మీదకు ఉంది కాబట్టి తీయించేశాం. చెట్టు ఉంది.

మీ చెట్టు దగ్గర, చిన్న కొమ్మ బెరడు గోటితో గీరండి, కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మలో ప్రాణం ఉన్నట్టే. తొర్ర ఉందని ఊరికే టెన్షన్ పడకండి, చుట్టూ గట్టి చెక్క మందంగా ఉంటే తొర్రతోనే ఏళ్ల తరబడి నిలబడతాయి. మొదలు దగ్గర పుట్టగొడుగులో, చెక్కలా గట్టిగా ఉండే గొడుగులో పుడితే మాత్రం లోపల కుళ్లు ఉండొచ్చు, తెలిసినవాళ్లకు చూపించాల్సిందే. చెట్టు కొత్తగా ఒరిగి, వెనక వైపు నేల పగిలి లేస్తుంటే ఇక ఆలోచించకండి, పిల్లల్ని అటు పోనివ్వకుండా వెంటనే తీయించేయండి.

ఈ రెండూ లేకపోతే, పడితే దేని మీద పడుతుందన్నది చూసుకోండి. కింద ఖాళీ స్థలమే అయితే ఒకటి రెండేళ్లు ఆగి చూడొచ్చు, పడకగది ఉంటే అంత ఓపిక పట్టడం నా దృష్టిలో తప్పు. పైనంతా నరికేస్తే మళ్లీ గుబురుగా వస్తుందని కొమ్మలు కొట్టేవాళ్లు చెబుతారు, ఒప్పుకోకండి. ఆ మోడులు కుళ్లుతాయి, వాటి మీద వచ్చే పిలకలకు పట్టు ఉండదు, గాలికి విరిగేవి అవే. ఎండు కొమ్మలు తీయించండి, పచ్చకొమ్మల్లో పావు వంతుకు మించి ఒకేసారి తీయనివ్వకండి.

ఉంచినా, కొట్టేసినా కొత్త మొక్క ఇప్పుడే నాటండి, పాతదానికి కాస్త ఎడంగా, ఎండ తగిలేచోట. మొదలు దగ్గర మట్టి తీశాక ఏం కనిపించిందో, ఇల్లు ఎంత దూరంలో ఉందో రాస్తే ఇంకాస్త స్పష్టంగా చెప్పగలను.