లాంజ్ తీసేశారు, ఫీజు ఉంచేసుకున్నారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా క్రెడిట్ కార్డుకు ఏప్రిల్‌లో వార్షిక ఫీజు 2,500, జీఎస్టీతో కలిపి 2,950 రూపాయలు కట్టాను. మూడు నెలలకు రెండుసార్లు ఎయిర్‌పోర్టు లాంజ్ ఉచితం అన్నారనే ఈ కార్డు తీసుకున్నాను. జులై 1 నుంచి, అంతకు ముందు మూడు నెలల్లో 50,000 ఖర్చు పెట్టిన వాళ్లకే లాంజ్ అని మే నెలాఖరులో మెయిల్ పంపారు. మధ్యలో ఇలా మార్చేయొచ్చా? నా డబ్బు సంగతేంటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మార్చొచ్చండి. నోటీసిచ్చి ప్రయోజనాలు మార్చే హక్కు తమకుందని బ్యాంకులు షరతుల పత్రంలో ముందే రాసుకుంటాయి. ఆర్బీఐ నిబంధనల ప్రకారం, షరతు నచ్చని వాళ్లు కార్డు వదులుకోవడానికి వీలుగా తగినంత ముందు నోటీసివ్వాలి. ఛార్జీలు మారిస్తే కనీసం నెల ముందు చెప్పాలి. నోటీసులో చెప్పిన గడువులోగా మీరు కార్డు వదులుకోకపోతే కొత్త షరతుకు ఒప్పుకున్నట్టే లెక్క. మిగిలిన తొమ్మిది నెలల ఫీజు, అంటే సుమారు 2,212 రూపాయలు, వాపసు ఇవ్వాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఫీజేమో ఏడాదికి ముందే తీసుకుంటారు, సౌకర్యమేమో నోటీసిచ్చేదాకానే. ఆ తేడా మీ నెత్తినే పడుతోంది.

అయినా అడగండి. ఫోన్లో కాదు, మెయిల్లో. కార్డు తీసుకున్ననాటి ప్రయోజనాల పత్రం, ఫీజు పడిన స్టేట్‌మెంటు, మార్పు నోటీసు జతచేసి, మిగిలిన నెలల ఫీజు వాపసు గానీ వచ్చే ఏడాది ఫీజు మాఫీ గానీ ఇవ్వమని రాయండి. బ్యాంకులు ఎక్కువగా రెండోదానికే ఒప్పుకుంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. సందేహాలుంటే ఆర్బీఐ నంబరు 14448కి ఫోన్ చేయండి.

50,000 లెక్కలో చాలామంది పొరపడతారు. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బు చాలా బ్యాంకులు కలపవు. వెనక్కిచ్చిన వస్తువు విలువ తీసేస్తారు. జూన్ 29న గీకింది జులైలో ఖాతాలో నమోదైతే తర్వాతి మూడు నెలల్లోకి పోవచ్చు. నిజం చెప్పాలంటే, శంషాబాద్‌లో రెండు ఇడ్లీ, కాఫీ కోసం అవసరం లేని ఖర్చు పెట్టడం కంటే అవి కొనుక్కోవడమే చవక.

కార్డు రద్దు చేద్దామనుకుంటే ముందు రివార్డు పాయింట్లు వాడేయండి. కరెంటు బిల్లు, బీమా ప్రీమియం లాంటి ఆటోపేలు వేరే కార్డుకు మార్చండి. ఈఎంఐ నడుస్తుంటే మిగిలిన అసలంతా ఒకేసారి అడుగుతారు, ముందస్తు ముగింపు ఛార్జీ కూడా పడొచ్చు. బాకీ మొత్తం తీర్చి రద్దు అడిగిన 7 పనిదినాల్లో మూసేయాలి. లేదంటే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి. ఈ నిబంధన సంగతి మెయిల్లో ప్రస్తావిస్తే పని చురుగ్గా సాగుతుంది.

ప్రశ్న: డెబిట్ కార్డుల మీద లాంజ్ ఇంకా ముందే తగ్గించేశారెందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: క్రెడిట్ కార్డు గీకితే దుకాణదారు తన బ్యాంకుకు కట్టే రుసుములో (దీన్నే ఎండీఆర్ అంటారు) పెద్ద వాటా కార్డిచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. లాంజ్ ఖర్చు అందులోంచి, వార్షిక ఫీజుల్లోంచి, బాకీ పూర్తిగా తీర్చని వాళ్లు కట్టే వడ్డీలోంచి వస్తుంది. రూపే డెబిట్, యూపీఐల మీద 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ సున్నా. లాంజ్ దగ్గర మీ కార్డు మీద పడేది సాధారణంగా రెండు రూపాయలే, అసలు బిల్లు మాత్రం మనిషికి ఇంతని తర్వాత కార్డిచ్చిన బ్యాంకుకు గానీ కార్డు నెట్‌వర్కుకు గానీ వెళ్తుంది. గీకినప్పుడు రాబడి లేని కార్డు మీద ఆ ఖర్చు ఎన్నాళ్లు భరిస్తారు?

ప్రశ్న: మాది బట్టల షాపు. క్రెడిట్ కార్డు అమ్మకాల మీద 2 శాతం కోస్తున్నారు. కార్డులవాళ్లకు సౌకర్యాలు తగ్గించారు కదా, మాకూ తగ్గుతుందా?
– ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: దానంతటది తగ్గదు. డెబిట్ కార్డుల ఎండీఆర్‌కు ఆర్బీఐ పరిమితి పెట్టింది గానీ క్రెడిట్ కార్డులకు పెట్టలేదు. బ్యాంకు మిగుల్చుకున్న లాంజ్ ఖర్చు బ్యాంకు దగ్గరే ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ సౌకర్యాల ఖర్చులో కొంత మీరు, మీ ధరల్లో కలిసి మీ దగ్గర నగదిచ్చి కొన్నవాళ్లు కూడా మోశారు. అది ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి.

మీ చేతిలో ఉన్నది బేరమాడటమే. 10,000 బిల్లుకు 2 శాతమంటే 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36, మొత్తం 236 పోతోంది. మూడు నెలల సెటిల్‌మెంటు స్టేట్‌మెంట్లు తీసుకుని ఇంకో బ్యాంకు రేటు కనుక్కోండి. రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 36 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో మినహాయింపుగా తీసుకోండి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉంటే అది రాదు.

ప్రశ్న: మావారి కార్డు మీద ఉన్న ఉచిత విమాన ప్రమాద బీమా తీసేశారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎస్‌బీఐ కార్డు కూడా 2025లో కొన్ని కార్డుల మీద ఉన్న 50 లక్షల, కోటి రూపాయల కవర్ ఇలాగే ఆపేసింది. లాంజ్ పోతే కాఫీ పోతుంది, ఇది పోతే నష్టం నామినీకి. ముందుగా బ్యాంకు ఖాతా నుంచి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా. ప్రీమియం మే నెలాఖరులో ఖాతా నుంచి కోస్తారు, అప్పటికి నిల్వ లేకపోతే కవర్ ఆగిపోతుంది. కోటికి 2 లక్షలు సరితూగవు కాబట్టి, ఇంటి సంపాదన ఆయనదే అయితే విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ కూడా తీసుకోండి. అందులో మరణమే కాక శాశ్వత వైకల్యం కూడా ఉందో లేదో చూసుకోండి. కార్డుల ఉచిత బీమాల్లో చాలావాటికి అది ఉండేది కాదు.