పాత ఎం.జి.బి. కారుకు ఆయిల్ కూలర్ అవసరమా?

ప్రశ్న: టెక్సాస్‌లో నివసిస్తున్నాను. నా వద్ద ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ లేని పాత ఎం.జి.బి. (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. వేసవిలో హైవే మీద చాలాసేపు నడిపి ఆగితే ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోతోంది. విడిగా కూలర్ అమర్చుకోవచ్చునా?

జవాబు: అమర్చుకోవచ్చు, అయితే ముందు ఆయిల్ ఉష్ణోగ్రతను కొలిపించండి. ఈ 1798 సి.సి. ఇంజిన్ వేడెక్కాక, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తుండగా) ప్రెషర్ 10-25 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్యకు దిగడం సహజమే. పరుగులో కూడా 50 కంటే తక్కువ చూపిస్తుంటే బేరింగుల అరుగుదలను అనుమానించాలి గాని, కూలర్‌తో అది నయం కాదు. ఆయిల్ తరచుగా 120 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే మాత్రం కూలర్ పెట్టవలసిందే.

దానితోపాటు, ఆయిల్ దాదాపు 80 డిగ్రీలకు వేడెక్కాకే కూలర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌ను తప్పక పెట్టించండి. లేకపోతే చలికాలంలో ఆయిల్ తగినంత వేడెక్కక, అందులో చేరిన తేమ ఆవిరి కాదు. సెకండ్‌హ్యాండ్ కూలర్ చవకగా దొరికినా నేనైతే కొనను, ఎందుకంటే పాడైన ఇంజిన్ నుంచి వచ్చిన లోహపు రజను దాని సన్నని గొట్టాలలో దాగి ఉండవచ్చు. కూలర్‌కు ఆయిల్ హోస్‌ల నట్లు బిగించేటప్పుడు, అవి తగిలే కూలర్ మెడను రెండో స్పానర్‌తో పట్టుకోవాలి. హోస్‌లు రేకు అంచులకు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచుకు తొడిగే రింగులు) వేయించండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, గేజీలో ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పి, ఆ తర్వాత తగ్గిన ఆయిల్ నింపండి.