రష్యన్ నవలల్లో పేర్ల తికమక

దస్తయేవ్‌స్కీ నవల ‘నేరము - శిక్ష’లో ఎవరు ఎవరో తెలియక మధ్యలోనే వదిలేశానన్నారు కదా, నాదీ అదే కథండీ. దున్యా, అవ్దోత్యా ఇద్దరు మనుషులనుకుని చాలా దూరం చదివేశాను! ఇద్దరూ ఒకరే, హీరో రొడియాన్ చెల్లెలు.

కిటుకు మధ్య పేరులో ఉంది. అది తండ్రి పేరు. రొమానొవిచ్ అంటే రొమాన్ కొడుకు, రొమానొవ్నా అంటే రొమాన్ కూతురు. అందుకే రొడియాన్ రొమానొవిచ్, అవ్దోత్యా రొమానొవ్నా అన్నాచెల్లెళ్ళని ఇట్టే తెలిసిపోతుంది. రాస్కోల్నికొవ్ హీరో ఇంటిపేరు. తల్లి అతన్ని ముద్దుగా ‘రోద్యా’ అంటుంది. పరిచయస్తులు మర్యాదకి పేరూ తండ్రి పేరూ కలిపి పిలుస్తారు.

ఓ చీటీ మీద మనిషికో వరుస పెట్టి, కొత్త పిలుపు తగిలినప్పుడల్లా రాసుకోండి. దాన్నే పేజీ గుర్తుగా పెట్టుకోవచ్చు. నాకైతే నవలలో హీరోకి తల్లి రాసిన ఉత్తరం దాటాక చీటీ చూసే పనే పడలేదు.