టెక్ సందేహాలు: డబ్బు చేతిలో పెట్టే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సెకండ్‌హ్యాండ్ చిన్న కంప్యూటర్ల గురించే. వాటిలో నాలుగింటికి జవాబులు ఇవి.

మా నాన్నగారు పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. వ్యాసాలు రాసుకోవడానికి, ప్రవచనాలు వినడానికి కంప్యూటర్ కావాలంటున్నారు. షాపులో డెల్ ఆప్టిప్లెక్స్ 3050 మైక్రో చూశాను. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, ధర తొమ్మిది వేలు. విండోస్ 11 రాదన్నారు. లినక్స్ వేస్తే ఆయన వాడగలరా? – తెనాలి నుంచి

హాయిగా వాడగలరు. లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే మీరు చూసిన యంత్రం పాడైపోలేదు, దాన్ని విండోస్ తయారీదారులు పక్కన పెట్టారంతే. అందులోని ప్రాసెసర్‌కు నాలుగు కోర్లు ఉంటాయి, అది 35 వాట్ల రకం. రాసుకోవడానికి, వీడియోలు చూడటానికి ఇంతకు మించిన బలం అక్కర్లేదు.

లినక్స్‌లో చాలా కూర్పులున్నాయి. నా సలహా లినక్స్ మింట్ 22, అందులో సినమన్ అనే తెర రకం. కింద ఎడమ మూలన మెనూ ఉంటుంది కాబట్టి విండోస్ అలవాటున్నవారు తడబడరు. 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీయే అయితే ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం తీసుకోండి.

బేరం కుదుర్చుకునే ముందు ఒక పని చేయండి. మింట్ ఇన్‌స్టాల్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. దాన్ని ఇంట్లో దించుకుని, రూఫస్ లేదా వెంటాయ్ అనే ప్రోగ్రాం సాయంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి. ఊరికే కాపీ చేస్తే పనిచేయదు. షాపులో పెన్‌డ్రైవ్ గుచ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, డెల్ అన్న అక్షరాలు కనబడగానే ఎఫ్12 మీట నొక్కుతూ ఉండండి. లెనోవోకూ ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. వచ్చే జాబితాలో యూఎస్‌బీని ఎంచుకుంటే, లోపలి డిస్కును తాకకుండానే మింట్ తెర మీదికి వస్తుంది. ఒక పాట పెట్టి వినండి. యూఎస్‌బీ రంధ్రాలన్నింటిలో మౌస్ మార్చి మార్చి చూడండి. మెనూలోని డిస్క్స్ అనే ప్రోగ్రాంలో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఆరోగ్యం ఎలా ఉందో తెలుస్తుంది. ఎఫ్12 దగ్గరే పాస్‌వర్డ్ అడిగితే పాత ఆఫీసువారి తాళం ఇంకా తీయలేదని అర్థం. అటువంటిది ఎంత చవకైనా వద్దు.

మూడు విషయాలు షాపువారు అడిగితేనే చెబుతారు. ఆఫీసుల నుంచి వచ్చిన ఇటువంటి యంత్రాల్లో చాలావాటికి వైఫై కార్డు ఉండదు. లేకపోతే లోపల బిగించే ఇంటెల్ కార్డు వేయించండి, లినక్స్ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. చవక యూఎస్‌బీ వైఫై ముక్కలతో వేగే ఓపిక మీ నాన్నగారికి ఉండకపోవచ్చు. రెండోది మానిటర్. ఇంట్లో పాత వీజీఏ మానిటర్ ఉంటే కన్వర్టర్ కూడా కొనాలి. మూడోది అడాప్టర్. డెల్ అడాప్టర్ పిన్ను మధ్యలో సూదిలాంటి సన్నని తీగ ఉంటుంది. తన శక్తి ఎన్ని వాట్లో అడాప్టర్ ఆ తీగ ద్వారానే యంత్రానికి చెబుతుంది. అది వంగినా, వేరే కంపెనీ అడాప్టర్ పెట్టినా ప్రాసెసర్ వేగం తగ్గించుకుని నడుస్తుంది. ఒకసారి నాకు షాపులో జతకాని అడాప్టర్ ఇచ్చారు. తప్పు లినక్స్‌దేనని రెండు వారాలపాటు దాన్ని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మీకు ఆ శ్రమ వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక తెలుగు. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో రాసే అలవాటుంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంకు ఎం17ఎన్ అనే అదనపు మూట జోడించి ఆర్‌టీఎస్ పద్ధతిని ఎంచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగువిజయం అని ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికితే మండలి, సురన్న, గురజాడ వంటి మంచి ఫాంట్లు ఒకే మూటగా దొరుకుతాయి. మాస్టారి పాత వ్యాసాలు అను ఫాంట్లలో ఉంటే మాత్రం అవి ఇక్కడ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ముందే అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చిపెట్టుకోండి. ఆయన ఏళ్ల తరబడి రాసుకున్నవి కదా, మార్చాక ఒకటి రెండు పేజీలు ఆయనతోనే సరిచూయించండి. ఒత్తులు, పొల్లులు తారుమారయ్యేది అక్కడే.

మాది జిరాక్స్ షాపు. రెండు చిన్న కంప్యూటర్లు, కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉన్నాయి. ట్యాలీలో లెక్కలు రాస్తాం. రెండింటినీ లినక్స్‌కు మార్చమంటారా? – జగిత్యాల నుంచి

రెండూ మార్చకండి. ట్యాలీ విండోస్ కోసం తయారైన ప్రోగ్రాం. మీ ప్రింటరేమో క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడుతుంది, లినక్స్‌లో దాన్ని నడిపించాలంటే చాలా తిప్పలు పడాలి. తిప్పలు పడి కుదుర్చుకున్నా, వరుసలో మనుషులు నిలబడి ఉండగా ప్రింటు ఆగిపోతే నష్టం మీదే. ట్యాలీకి, ప్రింటుకు ఎనిమిదో తరం యంత్రం ఒకటి తీసుకుని విండోస్ 11తో నడపండి. దరఖాస్తులు నింపడం, మెయిళ్లు చూడటం వంటి పనులకు రెండోదానిలో మింట్ వేయండి. కొత్త ప్రింటర్ కొనే రోజు వస్తే లినక్స్‌లో పనిచేస్తుందో లేదో అడిగి కొనండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ మింట్‌లో ముందే ఉంటుంది.

డెల్ చిన్న పీసీ కొన్నాను. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ బాగానే వస్తోంది. ఇన్‌స్టాల్ చేయబోతే అసలు డిస్కే కనిపించడం లేదు. ఎస్ఎస్‌డీ పోయిందా? – హైదరాబాద్ నుంచి

చాలావరకు ఎస్ఎస్‌డీ బాగానే ఉండి ఉంటుంది. డెల్ యంత్రాలు తరచూ రెయిడ్ ఆన్ అనే డిస్కు అమరికతో వస్తాయి, అందులో ఉన్నంతసేపు డిస్కు లినక్స్ కంటికి ఆనదు. ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 నొక్కి, సిస్టం కాన్ఫిగరేషన్‌లో శాటా ఆపరేషన్ తెరిచి, ఏహెచ్‌సీఐ ఎంచుకోండి. ఇలా మార్చాక ఇప్పుడున్న విండోస్ మొదలుకాకపోవచ్చు. అందులో ఫొటోలు, కాగితాలు ఏమైనా ఉంటే ముందే బయటికి తీసుకోండి.

2009లో మొదటి జీతంతో కొన్న నెట్‌బుక్ ఉంది. ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్. పారేయబుద్ధి కావడం లేదు. – విశాఖపట్నం నుంచి

పారేయకండి. కాకపోతే అది 32 బిట్ల ప్రాసెసర్, మింట్ 22 దానిలో ఎక్కదు. డెబియన్ అనే మరో లినక్స్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. డెబియన్ 12 గానీ, యాంటిఎక్స్ అనే తేలికపాటి లినక్స్ గానీ వేయండి. పాత హార్డ్ డిస్కు తీసి చిన్న శాటా ఎస్ఎస్‌డీ పెట్టించండి, ర్యామ్ 2 జీబీ చేయించండి. ఇంత చేసినా నేటి వెబ్‌సైట్లు, యూట్యూబ్ దాని వల్ల కావు, ఆ ఆశ పెట్టుకోవద్దు. డైరీ రాసుకోవడానికి, దాచుకున్న పాత పాటలు వినడానికి, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే ముందు దాన్ని తీసేయండి, అడాప్టర్ మీదే నడపండి.