మా వాడు ఫుట్‌బాల్ కోచ్ అవుతాడట!

ప్రశ్న: మేం ఇరవై ఏళ్ళుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్. లెక్కల్లో చురుకు. కానీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో కోచ్ అవుతానంటున్నాడు. ఆటగాడు కూడా కాదు, స్కూలు జట్టుకి నీళ్ళ సీసాలు మోస్తాడు. ఆదివారాలు లాప్‌టాప్‌లో ఆట వీడియోలు ముక్కలుగా కోస్తూ కూర్చుంటాడు. కంప్యూటర్ సైన్స్ చేయించాలా, కనీసం స్పోర్ట్స్ ఎనలిటిక్స్‌లో (ఆటల డేటా విశ్లేషణ) అయినా చేర్పించాలా? ఊళ్ళో అడిగితే ఏం చెప్పుకోవాలి?

జవాబు: అమ్మా, ‘నీళ్ళ సీసాలు’ అని రాశారు సరే, ఆ వీడియోల్లో ఏం కోస్తున్నాడని ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగారా? ఎన్‌ఎఫ్‌ఎల్ కోచింగ్‌లో మొదటి మెట్టు అదే. క్వాలిటీ కంట్రోల్ కోచ్ అంటారు. వచ్చే వారం ఎదురుపడే జట్టు ఆడిన ఒక్కో ప్లేనీ (బంతితో వేసే ఒక్కో ఎత్తు) విడదీసి, అది ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి ఉన్న నాలుగు అవకాశాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని గుర్తులు పెట్టాలి. వాళ్ళ పైన క్వార్టర్‌బ్యాక్‌లకి (ఆట నడిపించేవాళ్ళు), రిసీవర్లకి (విసిరిన బంతి పట్టేవాళ్ళు), లైన్‌మెన్‌కి (ముందువరసలో తలపడేవాళ్ళు) విడివిడిగా కోచ్‌లు, ఆపైన దాడికీ రక్షణకీ వేర్వేరు కోఆర్డినేటర్లు, అందరి మీదా హెడ్ కోచ్.

ఆ చాకిరీ ఎందుకో చెప్తాను. ఒక ప్లే అవగానే, తర్వాతది మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని స్పీకర్‌లో వినిపిస్తుంది. గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ లైను తెగిపోతుంది. అంటే ఉన్నది 25 సెకన్లు. స్టేడియం పైన గదిలో కూర్చున్న సహాయక కోచ్ తను చూసింది చెప్పాలి, కింద మైదానం పక్కనున్న కోచ్ తేల్చుకోవాలి, బారెడు పొడుగున్న ప్లే పేరు తప్పు లేకుండా చదవాలి. వారమంతా వీడియోలు కోసేది ఆ 25 సెకన్ల కోసం.

ఇక కష్టం సంగతి. జట్లు 32. ఒక్కో జట్టులో కోచ్‌లు ఇరవై మందికి పైగా ఉన్నా, దేశం మొత్తానికి కొన్ని వందల కుర్చీలే. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింది వాళ్ళలో చాలామంది మూటాముల్లె సర్దుకోవాల్సిందే. లీగ్ దశ మ్యాచ్‌లు ముగిసిన మర్నాటి సోమవారానికి అక్కడ ‘బ్లాక్ మండే’ అని పేరే ఉంది. పిల్లల్ని స్కూలు మధ్యలో మాన్పించి ఊరు మారిన కోచ్‌లు ఎందరో.

పేరుమోసిన కోచ్ బిల్ బెలిచిక్ 1975లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టులో వారానికి 25 డాలర్లకి చేరాడని, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ఆటా ఆడకుండానే హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్ ఫైనల్స్ గెలిచాడని మీ వాడు చెప్పే ఉంటాడు. నిజమే. అయితే ఆయన తండ్రి అమెరికా నేవల్ అకాడమీలో ఫుట్‌బాల్ కోచ్. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఆ ఆటల ఫిల్ములే. అయినా హెడ్ కోచ్ కావడానికి 16 ఏళ్ళు పట్టింది. యేల్‌లో చరిత్ర చదివిన మైక్ మెక్‌డేనియల్ 2005లో డెన్వర్ జట్టులో ఇంటర్న్‌గా చేరి, 2022లో మయామీ జట్టు హెడ్ కోచ్ అయ్యాడు. ఈ లెక్క మీ వాడికి తెలియాలి.

మీరు మధ్యేమార్గం అనుకుంటున్న స్పోర్ట్స్ ఎనలిటిక్స్ మీదే నాకు ఎక్కువ అనుమానం. ఈమధ్య వారానికి ఇద్దరు తల్లిదండ్రులైనా నన్ను ఇదే అడుగుతున్నారు. పేరులో ‘స్పోర్ట్స్’ పిల్లాడి కోసం, ‘ఎనలిటిక్స్’ బంధువుల కోసం. కానీ జట్టులో డేటా చూసేవాళ్ళు వేరు, కోచ్‌లు వేరు. అందులో చేరినంత మాత్రాన కోచ్‌ల గది తలుపు తెరుచుకోదు. ఆ డేటా ఉద్యోగాలూ కొద్దే. వాటికైనా డిగ్రీ పేరు కంటే చేసి చూపించిన పని ముఖ్యం. ఆటగాళ్ళ భుజాల ప్యాడ్‌లలోని చిప్‌లు సెకనుకి పదిసార్లు వాళ్ళెక్కడున్నారో చెప్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ డేటానే ఇచ్చి ఏటా ‘బిగ్ డేటా బౌల్’ పోటీ పెడుతుంది. స్టాటిస్టిక్స్ చదువుతూ అందులో దిగొచ్చు. దీనికోసం ప్రత్యేకంగా ఆ డిగ్రీ ఎందుకు?

కంప్యూటర్ సైన్స్ చేయించాలా అన్నారు. జీతం, నిలకడ రెండిట్లోనూ అదే మేలు, అందులో దాపరికం లేదు. కానీ మీ భయం జీతం గురించి కాదమ్మా. ఊళ్ళో ఏం చెప్పుకోవాలన్నదే మీ బెంగ. దాన్ని పదహారేళ్ళ పిల్లాడి నెత్తిన పెట్టకండి. ఏ పనీ లేకుండా ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లల గురించి నాకు రోజూ ఉత్తరాలొస్తాయి. మీ వాడు ఎవరూ చెప్పకుండానే ఆదివారం పని చేస్తున్నాడు.

వాడు రోడ్డున పడడు. ఎన్‌ఎఫ్‌ఎల్ అందకపోయినా, టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్ళలో ఫుట్‌బాల్ కోచ్‌లు చాలామంది క్లాసులో పాఠం చెప్పే టీచర్లే. లెక్కల టీచరుకి అక్కడ మంచి గిరాకీ. పైగా అక్కడే పుట్టినవాడు, వీసా బెడద లేదు.

లెక్కలో, స్టాటిస్టిక్సో, కంప్యూటర్ సైన్సో వాడినే ఎంచుకోనివ్వండి. కాలేజీ మాత్రం సొంత ఫుట్‌బాల్ జట్టు ఉన్నదే కావాలి. దరఖాస్తులు పెట్టే ముందు ఒక్కో కాలేజీ ఫుట్‌బాల్ ఆఫీసుకి, విద్యార్థి సహాయకుల్ని తీసుకుంటారా అని మెయిల్ రాయించండి. ఆ మెయిల్ మీరు రాసిపెట్టకండి. తప్పులున్నా వాడినే రాయనివ్వండి.