వాడని కార్డు బాకీకి లోక్ అదాలత్ నోటీసు: సమాధానం

అన్నా, మీ క్రెడిట్ కార్డు మీద మీరు చేయని 38,000 రూపాయల లావాదేవీ పడింది. అదే రోజు బ్యాంకుకు చెప్పినా వడ్డీలతో 61,000 చేసి, ఇప్పుడు హనుమకొండ లోక్ అదాలత్‌కు రమ్మని నోటీసు పంపారు. వెంటనే కేసు వేయాలా అని అడిగారు. కొంచెం ఆగండి.

నోటీసు గురించి టెన్షన్ వద్దు. లోక్ అదాలత్ రాజీ కోసం, మీరు ఒప్పుకోకుండా బాకీ రుద్దలేరు. వెళ్లి "ఈ బాకీ నాది కాదు" అని రాసిచ్చి రండి. "సగం కట్టండి, అయిపోతుంది" అంటే మాత్రం తొందరపడి సంతకం పెట్టకండి. అక్కడి అవార్డుకు, అంటే రాజీ ఉత్తర్వుకు, కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. సివిల్ కోర్టు సమన్లు వస్తే వేరే సంగతి, వెంటనే వకీలును కలవండి.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా? 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. మోసం మీదీ బ్యాంకుదీ కాక మూడో మనిషిదైతే, లావాదేవీ మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారికి బాధ్యత సున్నా అన్నది 2017 ఆర్బీఐ సర్క్యులర్‌తో వచ్చిన నిబంధన. తప్పు మీదని నిరూపించాల్సింది బ్యాంకే. ఓటీపీ ఎవరికైనా చెప్పి ఉంటే కథ మారుతుంది, అది దాచకండి.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. బ్యాంకు హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా మీరుండే చోటే వేయొచ్చు, గడువు 2 ఏళ్లు. ముందే కమిషన్‌కు వెళ్తే అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదు తీసుకోరు. అందుకే ఈ వరుస.

ఆ రోజు మెసేజ్, ఫిర్యాదు నంబరు ప్రింట్ తీయించి పెట్టుకోండి.