మాటల మూట: గట్టి గుండెల ఇంగ్లీషు మాటలు

ప్రశ్న (బరంపురం): 'ఫూల్‌హార్డీ'కి మా అమ్మాయి 'మూర్ఖంగా గట్టిగా ఉండేవాడు' అని రాస్తే తప్పు పెట్టారు. హార్డ్ అంటే గట్టి అనే కదండీ?

జవాబు: అమ్మాయి పట్టుకున్న వేరు సరైనదే, కొమ్మ దగ్గర తప్పింది. ఇందులో ఉన్నది హార్డ్ కాదు, హార్డీ. జర్మానిక్ మాట ఒకటి ఫ్రెంచిలోకి వెళ్లి 'గట్టిపరచు' అనే క్రియ అయింది. దాన్నుంచి 'హార్డి' పుట్టింది. గుండె గట్టిపడినవాడు, ధైర్యస్థుడు అని. మనం 'గుండె దిటవు చేసుకో' అంటామే, అదే దారి. 13వ శతాబ్దంలో ఆ మాటా, 'ఫోల్ హార్డి' అనే జంటా ఇంగ్లీషుకు చేరాయి. తర్వాత హార్డీ తోటమాలుల చేతికి చిక్కింది. ఇప్పుడు చలికీ మంచుకీ చావని మొక్క హార్డీ. పాత ధైర్యం జంటపదంలో మాత్రం చెక్కుచెదరలేదు.

మొండిధైర్యం అని రాయొచ్చా? మొండిధైర్యంలో కాస్త మెప్పు కూడా ఉంటుంది, ఫూల్‌హార్డీలో వీసమెత్తు ఉండదు. దుస్సాహసం నయం, మీ ఒడియా ఇరుగుపొరుగుకీ ఆ మాట తెలుసు. గుణుపురం దగ్గర వంశధార పొంగి కల్వర్టు మీద మోకాలు దాటి పారుతుంటే, అవతల టీ తాగొద్దామని బండి దింపినవాడు ఫూల్‌హార్డీ. కొట్టుకుపోతున్న పిల్లాడి కోసం నడుముకు తాడు కట్టుకుని దిగినవాడు కాదు.

ప్రశ్న (రాయగడ): డైహార్డ్ ఫ్యాన్ అంటే హీరో కోసం కష్టపడి చచ్చేవాడా?

జవాబు: చచ్చేవాడు కాదు, ఓ పట్టాన చావనివాడు. 18వ శతాబ్దంలో ఉరికంబం మీద బెదరకుండా పోయిన నేరస్థుడి గురించి 'డై హార్డ్' అనేవారు. మాటకు గౌరవం తెచ్చింది యుద్ధం. 1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయేరా దగ్గర బ్రిటిష్ 57వ పటాలం సగానికి పైగా నేలకూలింది. గాయపడి పడి ఉన్న కల్నల్ ఇంగ్లిస్ 'డై హార్డ్' అని కేకవేశాడు, పటాలానికి అదే పేరైంది. 1911లో బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభ అధికారాలు తగ్గించే బిల్లును ఆఖరిదాకా ఎదిరించినవారికీ అంటించారు. పట్టు వదలనివాడు అన్న నేటి అర్థం అలా స్థిరపడింది. సినిమా అభిమాని దాకా రావడానికి ఆట్టే దూరం లేదు.

ఇక్కడ హార్డ్ క్రియావిశేషణం. దానికి 'లీ' తగిలించారో కొంప మునిగినట్టే: 'వర్క్స్ హార్డ్' ఒళ్లు వంచేవాడు, 'హార్డ్‌లీ వర్క్స్' పుల్ల తీసి ఇటు పెట్టనివాడు. దరఖాస్తుల్లో ఈ తప్పు తెగ కనిపిస్తుంది.

ప్రశ్న (పర్లాకిమిడి): హార్డ్‌బిటెన్ అంటే బాగా కాటు తిన్నవాడేనా? డేర్‌డెవిల్ అంటే ధైర్యమున్న దయ్యమా?

జవాబు: రెండూ తిరగబడ్డాయి. హార్డ్‌బిటెన్ మొదట గట్టిగా కరిచే కుక్కకు చెప్పిన మాట. వెల్‌రెడ్ అంటే బాగా చదివినవాడే గాని చదవబడ్డవాడు కాదు గదా, ఇదీ అంతే. డేర్‌డెవిల్‌లో డేర్ క్రియ, దయ్యం దాని కర్మ: దయ్యాన్నే సవాలు చేసేవాడు. జేబు కొట్టేవాడు పిక్‌పాకెట్ అయినట్టే.